పొయ్యి చల్లగా ఉన్న ఇల్లు

సోమవారం

తూర్పు వరస. పొయ్యిలన్నీ వెలిగాయి. మనుషులందరూ ఉన్నారు.

నివేదిక ఇక్కడితో ఆపెయ్యవచ్చు. మండలికి కావలసింది ఆ రెండు ముక్కలే. కానీ వరస పెద్ద రోజూ ఈ మాటలు వినే గోడకెదురుగా నిలబడి వరసలోని విశేషాలు వివరంగా చెప్పాలని నిబంధన ఉంది కాబట్టి చెబుతున్నాను. వినే నాథుడు లేడని నాకు తెలుసు. పోయిన వానాకాలంలో వారం పొడుగునా మీ అధికారి ప్రద్యుమ్న గారి మీసం మీద వ్యాఖ్యానం చేశాను. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. అయినా చెబుతాను. నా పేరు నాంచారి, నా నోరు ఊరుకోదు.

పొద్దున బుల్లెమ్మత్త ఇంటికి నీళ్ళు ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే ఆమె పొయ్యి మీది వేడికన్ను ఉప్పు పట్టి మూసుకుపోయింది. వేడికన్నుకి వెలిగే పొయ్యి కనబడకపోతే ఇల్లు ఖాళీ అని లెక్క. ఇల్లు ఖాళీ అయితే నీళ్ళు బంద్. బుల్లెమ్మత్త దాని ముందే నిలబడి, "నేనిక్కడే ఏడిశానే దిక్కుమాలినదానా!" అని అరుస్తోంది. అది తాపీగా "ఇల్లు ఖాళీ" అంటోంది. చింతపండు పెట్టి తోమాను. అప్పుడు ఒప్పుకుంది, ఆమె ఉందని. మంచెలపేటలో మనిషి ఉన్నదీ లేనిదీ మనిషిని చూసి చెప్పరు, పొయ్యిని చూసి చెబుతారు. సముద్రం మీద ఇనప మంచెలు కట్టి, లంకల జనాన్నంతా వాటి మీదికి ఎక్కించి, కాలికి మన్నంటకుండా చేసిన మహానుభావులకి ఇంతకంటే తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకో విశేషం. వరసలో పిల్లలకి పిచ్చెక్కింది. మనసుకి ఊరటగా ఉంటుందని మీరు ఇంటింటికీ ఇచ్చిన తెరలో కొత్త ఆట వచ్చింది. పేరు శాపాల మేడ. పాడుబడ్డ మేడలో గది తరవాత గది. పరుగులు లేవు, కొట్లాట లేదు. కనిపించిన వస్తువు మీద వేలు పెట్టి నొక్కాలి. నొక్కితే తాళం చెవో, ఎముక ముక్కో దొరుకుతుంది. దాన్ని ఇంకో వస్తువుకి జత చేస్తే తలుపు తెరుచుకుంటుంది. గోడ వెనకనుంచి ధన్ ధన్ మని చప్పుడు వస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి గుమ్మానికి అడ్డంగా పొగలాంటి ఆడమనిషి కనబడి చెయ్యెత్తుతుంది. పిల్లలు ఆమెకి పొగమ్మ అని పేరు పెట్టారు. పొగమ్మ చెయ్యెత్తితే శాపం తగులుతుందట, వెంటనే గది వదిలి పారిపోవాలట.

మా ఇంట్లో ఉన్న పిచ్చిదాని పేరు లోహిత. మా అక్క కూతురు, పదహారేళ్ళది. ఈ ఆటలో వరసకంతటికీ ఆమే దిట్ట. అన్నానికి పిలిస్తే "పొగమ్మ పోయాక వస్తా పిన్నీ" అంటుంది. పొగమ్మ కోసం నా చారు చల్లారిపోవాలా?

మంగళవారం

తూర్పు వరస. పొయ్యిలన్నీ వెలిగాయి. మనుషులందరూ ఉన్నారు.

శుక్రవారం లోహిత మీ కచేరీకి వచ్చి తెంపు మాట చెప్పాలి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది.

మెట్ట మీద బడిలో దానికి సీటు వచ్చింది. మట్టి నేల ఉన్న బడి, చెట్లున్న బడి. నేను కాదనలేదు. కానీ తల్లిదండ్రుల లెక్క తేలనివాళ్ళని మెట్ట మీదికి రానివ్వరట. తండ్రి వేటకి పోయి సముద్రంలో పోయాడు, దానికి రుజువుంది. తల్లి పేరుకెదురుగా మాత్రం 'తనంతట తానే వెళ్ళిపోయినది' అని మండలి రాసుకుంది. అంచేత పిల్ల అందరి ముందూ నిలబడి, "నా తల్లి నన్ను వదిలి వెళ్ళిపోయింది, ఆమెకీ నాకూ సంబంధం లేదు" అని నోటితో చెప్పాలి. చెప్పగానే మా అక్క తిరపతమ్మ పేరు అన్నిచోట్లా చెరిపేస్తారు. అలాంటి మనిషి పుట్టలేదు, పెళ్ళాడలేదు, బిడ్డను కనలేదు.

మా అక్క ఎక్కడికీ వెళ్ళలేదు. పన్నెండేళ్ళుగా ఈ ముక్క చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. లంకలు ఖాళీ చేయిస్తున్నప్పుడు లోహితకి నాలుగేళ్ళు. చెవిపోటుతో ఒకటే ఏడుపు. అక్క పిల్లని నా చేతికిచ్చి ముందు పడవ ఎక్కించింది. "నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, పుట్టమన్ను తెచ్చి పాప చెవికి పెడతానని మొక్కుకున్నానే. చవితి మర్నాడు ఆఖరి పడవ ఉందిగా, దాంట్లో వచ్చేస్తా" అంది. ఆఖరి పడవ బయలుదేరనే లేదు. చవితి నాడే మండలి చక్రాల మరని ఇంటింటికీ పంపి, లంక ఖాళీ అని తేల్చి, పొద్దువాలేలోగా గట్టు తెంపేసింది. పై ఊళ్ళు మునక్కుండా ఉండాలంటే ఎవరో ఒకరు మునగాలి గదా! నేను వెళ్ళి మొత్తుకుంటే "మర లోపలికెళ్ళి చూసింది, ఇంట్లో ఎవరూ లేరు" అన్నారు. మరి ఎక్కడికి పోయినట్టు? దానికి జవాబు బుల్లెమ్మత్త కనిపెట్టింది, ఉప్పుపడవ సరంగుతో లేచిపోయిందని. వరసంతా నమ్మింది. పెరిగి పెద్దదయ్యాక ఆ పిల్లా నమ్మింది.

"అలాంటి మాట ఎలా అంటావే, కన్నతల్లిని?" అని ఇవాళ అడిగాను.

"రావాలనుకున్నోళ్ళు ఎలాగైనా వస్తారు పిన్నీ. ఆమె రాలేదు గదా."

"గట్టు తెంపితే ఎట్టా వస్తదే?"

"అప్పటికే ఇల్లు ఖాళీగా ఉందంట గదా! నీకు నాకంటే ఆమే ఎక్కువ."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. అది నా కోపం చూసి ఎగతాళిగా నవ్వింది. "సరే, పందెం. శాపాల మేడలో వంటిల్లు దాటి చూపించు. ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు, నేను కూడా. నువ్వు దాటితే శుక్రవారం నేను కచేరీకే పోను."

సరేనన్నాను. కోపంలో ఉన్నవాళ్ళు ఏ పందానికైనా సరేనంటారు.

బుధవారం

తూర్పు వరస. పొయ్యిలన్నీ వెలిగాయి. మనుషులందరూ ఉన్నారు. ఉన్నవాళ్ళనే కాదు, లేరని మీరు రాసినవాళ్ళని కూడా ఇవాళ చూశాను.

మధ్యాహ్నం గిన్నెలు తోమేసి తెర ముందు కూర్చున్నాను. లోహిత బయటికెళ్ళింది. మేడలో ముందు గదులన్నీ అది దాటేసి ఉంది కాబట్టి, తెరవగానే వంటింటి గుమ్మం ముందున్నాను. గుమ్మం మీద నొక్కాను. కిర్రుమంది.

లోపలంతా ఆకుపచ్చ చీకటి. మూల మూలా బూజు పూసి పెట్టారు. గోడల మీద నెత్తుటి మరకలు. నాకు భయం వెయ్యలేదు, ఇంత రోతగా ఉంచుకున్నదెవరా అని చిరాకేసింది. అంతలో కిటికీ కనబడింది. సైకిలు చువ్వలతో అల్లిన కిటికీ.

అది మా నాన్న చేసిన కిటికీ. పాత సైకిలు చక్రం విప్పి, చువ్వలు వంచి కట్టాడు. దాని కింద రోలు, ఒకవైపు అంచు విరిగినది. చిన్నప్పుడు రోకలి జారవిడిచి ఆ అంచు విరగ్గొట్టింది నేనే. మేడంటే మేడ కాదు. మునిగిపోయిన ఇళ్ళలోంచి తలా ఒక గది తెచ్చి అతికించారు. నడవా ఎవరిదో, మెట్లు ఎవరివో. వంటిల్లు మాత్రం మా అక్కది.

ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. అరుగు మీద పళ్ళెంలో నల్లటి ఉండలున్నాయి. నొక్కితే, 'విషపు ఉండలు. తింటే మరణం' అని వచ్చింది. చిమ్మిలి! నల్లనువ్వులూ బెల్లం దంచి చేసిన చిమ్మిలిని విషం చేశారు. దాని పక్కన తెల్లటి ముద్ద. నొక్కితే, 'మైనం. దీనితో తాళం చెవి అచ్చు తీయవచ్చు' అని వచ్చింది. చలిమిడితో తాళం చెవి అచ్చట! వీళ్ళ అమ్మలు వీళ్ళకి ఏం పెట్టి పెంచారో నాకర్థం కాలేదు. పొయ్యి నొక్కాను. 'పొయ్యి చల్లగా ఉంది. ఈ ఇంట్లో ఎవరూ లేరు' అంది.

ఇంక నొక్కలేదు. ఏం నొక్కాలో తెలియలేదు, నొక్కబుద్ధీ కాలేదు. ఊరికే మా వంటింటిని చూస్తూ కూర్చున్నాను. ఈ ఆటలో వేలు పెట్టినప్పుడల్లా భయం పుట్టించే వాయిద్యం ఒకటి మోగుతుంది. నొక్కడం మానేసి కూర్చుంటే కాసేపటికి అది అలిసిపోయి ఆగిపోతుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఆడేవాళ్ళెవరూ నొక్కకుండా కూర్చోరు గదా.

వాయిద్యం ఆగాక అసలు చప్పుళ్ళు వినబడ్డాయి. దూరంగా కాకి. గాలికి ఊగే తలుపు. ధన్, ధన్. ఒక్కొక్క దెబ్బకీ గాజుల గలగల. పిల్లలంతా జడుసుకునే ఆ చప్పుడు రోకటిపోటు. పెరట్లో ఎవరో చిన్న రోట్లో దంచుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. గుమ్మంలోకి పొగమ్మ వచ్చింది, చెయ్యెత్తింది, మా అక్క గొంతు వినబడింది.

"ఏయ్, ఏందది? బురద చక్రాలేసుకుని వంటింట్లోకి రామాక! ఇప్పుడే అలికాను. ఆ పళ్ళెం ముట్టుకోమాక, చెబుతున్నా. అవి మా పాపవి. రేప్పొద్దున పడవకి తీసుకెళ్ళాలి."

మళ్ళీ రోకటిపోటు మొదలైంది.

నేను పెట్టిన కేకకి బుల్లెమ్మత్త పరిగెత్తుకొచ్చింది. ఏమైందే అంటే చెప్పలేక ఆమె మీదే అరిచాను.

గురువారం

తూర్పు వరస. పొయ్యిలన్నీ వెలిగాయి. మనుషులందరూ ఉన్నారు.

పొద్దున్నే లోహితని తెర ముందు కూలేశాను. "ఏమీ నొక్కమాక. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో" అన్నాను.

"ఇదేం ఆట పిన్నీ?"

"నేనాడే ఆట ఇంతే."

వేళ్ళు ఊరుకోవు దానికి. రెండుసార్లు నొక్కేసింది, రెండుసార్లూ వాయిద్యం మొదటికొచ్చింది. చివరికి దాని రెండు చేతులూ నేను పట్టుకుని కూర్చున్నాను. ఎడమ చెవి సరిగా వినపడదు దానికి, ఆ చెవిపోటు మిగిల్చింది అదే. కుడిచెవి తెరవైపు తిప్పి కూర్చుంది. వాయిద్యం ఆగింది. కాకి అరిచింది. అక్క మాట్లాడింది.

పిల్ల తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. తరవాత, "పాప అంటే?" అని అడిగింది.

"ఇంకెవరే? నువ్వే."

మళ్ళీ విన్నది. మళ్ళీ మళ్ళీ విన్నది. పళ్ళెం మీద వేలు పెడితే పొగమ్మ గరగరమని ఏదో అంటుంది, అది శాపమని పిల్లలు ఇన్నాళ్ళూ అనుకున్నారు. ఆట చేసినవాళ్ళు "ముట్టుకోమాక" అన్న ఒక్కమాట కత్తిరించి, సాగదీసి పెట్టారు. ఆ మాట విన్నాకే వాళ్ళు ఆ ఉండల్ని విషం చేసి ఉంటారు. తల్లి బిడ్డ కోసం దాచిపెట్టి ముట్టుకోవద్దంటుందని వాళ్ళ బుర్రకి తట్టలేదు.

"మరి ఆమె ఇంట్లోనే ఉంటే పొయ్యి ఎందుకు వెలిగించలేదు పిన్నీ?" అని అడిగింది లోహిత.

దానికి తెలియదు. ఎలా తెలుస్తుంది? ఈ ఇనప మంచెల మీద పుట్ట ఎక్కడుంది, పాము ఎక్కడుంది? పొయ్యి వెలిగించకపోతే నీళ్ళు రావు కాబట్టి ఆ పండగనే వదిలేశాం. చెప్పాను. నాగుల చవితి నాడు మా లంకలో పొయ్యి వెలిగించరు. పుట్టలోవాళ్ళకి వేడి తగలకూడదంటారు. పచ్చి సరుకే నైవేద్యం. నువ్వులు దంచి చిమ్మిలి, నానబెట్టిన బియ్యం దంచి చలిమిడి. ఆ పూట మనుషులు తినేదీ అదే.

లోహిత పొయ్యి మీద వేలు పెట్టింది. 'పొయ్యి చల్లగా ఉంది. ఈ ఇంట్లో ఎవరూ లేరు.'

"అయితే ఆ మర అమ్మని చూడలేదు పిన్నీ. పొయ్యిని చూసి వెళ్ళిపోయింది" అంది.

దాని నోట అమ్మ అన్న మాట నేను వినడం ఎన్నేళ్ళయిందో! ఏడవాలి నిజానికి. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆట కంపెనీలో ఫిర్యాదులు వినేవాళ్ళకి ఫోను కలిపాను.

"చెప్పండి మేడమ్. దెయ్యం సరిగా కనబడట్లేదాండీ?" అంది అవతలి అమ్మాయి.

"అది దెయ్యం కాదు, మా అక్క. వంటింట్లో పని చేసుకుంటోంది."

"అంత సహజంగా ఉందని చాలామంది మెచ్చుకున్నారండీ."

ఆ బొమ్మలు ఎక్కడివని గట్టిగా నిలదీస్తే చెప్పింది. మర పట్టిన చప్పుళ్ళతో సహా మండలి దగ్గర కొన్నారట. ఖాళీ ఇళ్ళ బొమ్మలని చెప్పి అమ్మారట. మర మెల్లగా తిరుగుతూ బొమ్మ తీసేటప్పుడు కదలనివన్నీ స్పష్టంగా పడతాయట, కదిలేది ఏదైనా ఉంటే పొగలా పడుతుందట. "ఆ ఒక్క ఇంట్లో ఏదో కదిలిందండీ. మాకూ మంచిదే అయింది, దెయ్యాన్ని వేరే గీయక్కర్లేకపోయింది" అని నవ్వింది. పాపం చిన్నపిల్ల. దాన్ని తిట్టి లాభం లేదని తెలిసీ తిట్టాను.

శుక్రవారం

తూర్పు వరస. పొయ్యిలన్నీ వెలిగాయి. మనుషులందరూ ఉన్నారు.

కచేరీకి వెళ్ళాం. పందెం గెలవకపోయినా లోహిత నా మాట వినేది, కానీ ఆమే వెళ్దామంది. తెర చంకలో పెట్టుకుని వచ్చింది. ప్రద్యుమ్న గారు మర్యాదగానే మాట్లాడారు, మీసం కూడా మర్యాదగానే ఉంది. వంటిల్లు చూపించి, ఏమీ నొక్కకుండా కూర్చోమన్నాం. కూర్చున్నారు. విన్నారు. విన్నాక ఆయన ముఖం ఒక్క క్షణం మామూలు మనిషి ముఖంలా అయింది. ఆ వెంటనే సర్దుకున్నారు.

"ఇది ఆటమ్మా. ఇందులోవన్నీ కల్పితాలని మొదట్లోనే రాసి ఉంటుంది. ఆటని సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం?" అన్నారు.

"బొమ్మలు మీ మర తీసినవే గదండీ! మీరే గదా వాళ్ళకి అమ్మింది!" అన్నాను.

"మర బొమ్మలు తీస్తుందే గానీ, వాటిని ఎవరూ చూడరు. అన్ని ఇళ్ళవీ చూడటం సాధ్యం కాదు కదా. ఖాళీ అవునో కాదో పొయ్యి వేడిని బట్టి తేలుస్తాం. మనుషులు దాక్కుంటారు, అబద్ధాలు చెబుతారు. పొయ్యి అబద్ధం చెప్పదు."

"ఆ రోజు నాగుల చవితండీ! మా లంకలో ఎవరూ పొయ్యి వెలిగించరు!"

"అలాంటి ఆచారం ఉన్నట్టు మా దగ్గర ఎక్కడా లేదమ్మా."

ఎక్కడా లేదట! మా లంక ఉన్నట్టయినా మీ దగ్గర ఉందా అని అరిచాను. మీరు చేసింది తప్పని తెలిస్తే మీ కుర్చీ కాళ్ళు విరుగుతాయని, అందుకే చచ్చినదాన్ని లేచిపోయినదాన్ని చేసి, పైగా దెయ్యం చేసి, పిల్లలకి ఆడుకోవడానికిచ్చారని అన్నాను. ఇద్దరు జవాన్లు వచ్చి నా చేతులు పట్టుకున్నారు.

ప్రద్యుమ్న గారు లోహిత వైపు తిరిగి, "నువ్వు చదువుకునే పిల్లవి. ఆ ఒక్కమాట చెప్పెయ్యి, ఎల్లుండి పడవలో మెట్టకి వెళ్ళిపోవచ్చు" అన్నారు.

లోహిత తెంపు మాట చెప్పవలసిన స్తంభం ముందు నిలబడింది.  నోరు తెరవలేదు. జవాన్లు గసిరారు, తెరవలేదు. చివరికి ఆయనే విసుక్కుని, "వచ్చే గురువారం దాకా గడువు. ఆలోగా చెప్పకపోతే ఆ సీటు వేరేవాళ్ళకి వెళుతుంది" అన్నారు.

వచ్చే గురువారం ఏ రోజో ఆయనకి తెలియదు. మాకు తెలుసు.

ఆదివారం

తూర్పు వరస. పొయ్యిలన్నీ వెలిగాయి. మనుషులందరూ ఉన్నారు. దీపావళి. ఇనుము వేడెక్కుతుందని దీపం పెట్టనివ్వరు, తెరలో దీపం చూసుకున్నాం.

ఆ తెరలోనే కబురొచ్చింది. శాపాల మేడని మారుస్తున్నారట. గురువారం సాయంత్రానికి పాత వంటగది పోయి, 'మరింత భయంకరమైన' కొత్త వంటగది వస్తుందట. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా చెరిపేద్దామనుకుంటున్నారు. చెరిపేశాక మా అక్క గొంతు ఇంక ఎక్కడా ఉండదు.

లోహిత అప్పటికే వరసలో పిల్లలందరికీ చెప్పేసింది, ఏమీ నొక్కకుండా కూర్చోమని. ఇవాళ ఏ ఇంటి ముందు నడిచినా తెరల్లోంచి రోకటిపోటే వినిపించింది. పెద్దవాళ్ళు కూడా వచ్చి కూర్చుని విన్నారు. పొద్దుగూకేముందు బుల్లెమ్మత్త మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మనలేదు నేను.

"ఒకే రేవులో నీళ్ళు మోసినోళ్ళం మీ అక్కా, నేనూ. నా నోటితో నేనే అన్నానే ఆ మాట" అంది.

"అన్నావు. పన్నెండేళ్ళు అన్నావు" అన్నాను.

"తిట్టవే. తిడితే నాకు కొంచెం తేలిగ్గా ఉంటది."

అందుకే తిట్టలేదు. ఆమె కొంగులోంచి ఒక డబ్బా తీసి లోహిత చేతిలో పెట్టింది. నల్లనువ్వులు. నూనెకని దాచుకున్నవి.

లోహిత ఆ డబ్బా మూత తీసి వాసన చూసి, మా పొయ్యి వైపు చూసింది. దాని మీది వేడికన్ను వైపు చూసింది. "పిన్నీ, చవితి నాడు వరసలో ఎవరూ పొయ్యి వెలిగించకపోతే ఏమవుతుంది?" అని అడిగింది.

"నీళ్ళు ఆగిపోతాయి. వరస ఖాళీ అని మర వస్తుంది. ఇళ్ళు వేరేవాళ్ళకి రాసిచ్చినా అడిగే దిక్కులేదు."

"మర వస్తుంది గదా. అదే కావాలి" అంది.

ఈ మాట నివేదికలో చెప్పవచ్చా, ముందుగా తెలిసిపోదా అని బుల్లెమ్మత్త భయపడింది. ఏం భయం లేదు. వినండి, మండలి వారూ. గురువారం తూర్పు వరసలో పొయ్యి వెలగదు. చెప్పలేదనకండి.

గురువారం, చవితి

మొదట చెప్పవలసిన రెండు ముక్కలూ ఇవాళ చివర చెబుతాను.

తెల్లవారగానే ఇంటింటి గుమ్మంలోనూ దంపుడు మొదలైంది. రోలున్నవాళ్ళు రోట్లో, లేనివాళ్ళు ఇనప గిన్నెలో. కింద ఇనప మంచె కావడంతో చప్పుడు వరస ఆ కొసనుంచి ఈ కొసకి పాకింది. పసిపిల్లలు కొందరు "పొగమ్మ, పొగమ్మ" అని తల్లుల చాటుకెళ్ళారు. బెల్లం నోట్లో పెట్టగానే బయటికొచ్చారు. లోహిత మా గుమ్మంలో కూర్చుని దంచింది. రోకలి పట్టడం చేతకాదు దానికి, సగం నువ్వులు కిందే పోయాయి. నేను ఏమీ అనలేదు, ఏరుకున్నాను.

ఎండ ఎక్కేసరికి నీళ్ళు ఆగిపోయాయి. గోడలన్నీ ఒకేసారి "తూర్పు వరస ఖాళీ, తూర్పు వరస ఖాళీ" అని మొదలుపెట్టాయి. మధ్యాహ్నం దాటాక మండలి పడవ వచ్చింది. ముందు చక్రాల మర దిగింది, వెనక ప్రద్యుమ్న గారు, జవాన్లు.

మేమెవరమూ కదల్లేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళం కూర్చున్నాం. మర మొదటి ఇంట్లోకి మనుషుల కాళ్ళ మధ్యనుంచి దూరి, బయటికొచ్చి, "ఇల్లు ఖాళీ" అంది. రెండో ఇల్లు బుల్లెమ్మత్తది. ఆమె దాని మీదికి వంగి, "నేను కనబడ్డం లేదటే నీకు? ఇంత లావు మనిషిని!" అంది. "ఇల్లు ఖాళీ" అంది మర. ఎవరికీ నవ్వు రాలేదు. ఒక్కొక్క ఇల్లే అలా చెప్పుకుంటూ వస్తోంది. ప్రద్యుమ్న గారు దాని వెంట నడుస్తూ, గుమ్మాల్లో కూర్చున్న మా ముఖాలు చూస్తూ వస్తున్నారు. వచ్చేకొద్దీ ఆయన నడక నెమ్మదించింది.

"ఆపండి దాన్ని" అన్నారు జవాన్లతో.

"పొయ్యి వెలిగేదాకా ఆగదండి. వరస ఖాళీ అని పైకి కబురు కూడా పంపేసిందండి" అన్నాడు ఒక జవాను.

ఆయన మా వైపు తిరిగారు. "ఎవరైనా ఒక్క పొయ్యి వెలిగించండమ్మా. ఒక్కటి చాలు."

ఎవరూ లేవలేదు.

మర మా గుమ్మం దగ్గరికి వచ్చింది. లోహిత రోకలి అడ్డం పెట్టి లేచి నిలబడింది. చెయ్యెత్తింది. తెరలో మా అక్క ఎత్తినట్టు అచ్చు అలాగే ఎత్తింది.

"బురద చక్రాలేసుకుని వంటింట్లోకి రామాక" అంది.

మర ఆగి, రోకలి చుట్టూ తిరిగి లోపలికి పోయింది. దానికి మాటలు ఎక్కవు. కానీ ఆయనకి ఎక్కాయి. ఆ మాట ఆయన శుక్రవారం కచేరీలో విన్నదే. లోహిత పళ్ళెం తీసి ఆయన ముందు పట్టింది.

"తీసుకోండి సార్. విషపు ఉండలు. తింటే చస్తారని రాశారు, తిని చూసి చెప్పండి."

ఆయన ఒకటి తీసుకున్నారు. చేతిలో పట్టుకుని నిలబడ్డారు. వెనకనుంచి మర, "ఇల్లు ఖాళీ" అంది. ఆయన కళ్ళెత్తి మా ఇద్దరినీ చూశారు. తరవాత ఉండ నోట్లో పెట్టుకున్నారు. చిమ్మిలి ఒకసారి కొరికాక ఉమ్మెయ్యలేరు, నమిలి మింగవలసిందే. అది మింగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నేను నీళ్ళివ్వలేదు, ఇద్దామన్నా కొళాయిలో చుక్క లేదు.

"ఇవాళే గదా సార్ నా గడువు. మాట చెబుతాను, రాసుకోండి" అంది లోహిత.

"కచేరీలో..."

"ఇక్కడే చెబుతాను. నా తల్లి తిరపతమ్మ. నన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. మీరు గట్టు తెంపినప్పుడు ఇంట్లోనే ఉంది. నాకోసం ఇవే దంచుతోంది."

ఆయన పైవాళ్ళకి చెబుతానన్నారు. విచారణ అన్నారు, సీటు సంగతి చూస్తానన్నారు, వంటగది చెరపకుండా ఆపమని కబురంపుతానన్నారు. చెబుతారో లేదో నాకు తెలియదు. నేను నమ్మను. మా వరసలో ఇంటింటి తెరలోనూ ఆ వంటిల్లు తెరిచే ఉంది, నొక్కేవాళ్ళు లేరు. పడవ వెళ్ళిపోయింది. మరని మాత్రం ఆయన తీసుకెళ్ళలేకపోయారు. అది ఇంకా ఇల్లిల్లూ తిరుగుతూ, మా ముఖాల ముందే ఖాళీ, ఖాళీ అంటూనే ఉంది.

లోహిత ఒక ఉండ చిదిమి, దాని ఎడమచెవి వెనక కొంచెం రాసుకుంది. "పుట్టమన్ను లేదు గదా పిన్నీ" అంది. చెవికి బెల్లం రాస్తే చీమలు పడతాయే పిచ్చిమొహమా అని తిట్టాను. తిడుతుంటే ఏడుపొచ్చింది.

తూర్పు వరస. పొయ్యిలు ఒక్కటీ వెలగలేదు. మనుషులందరూ ఉన్నారు.